రాత్రి డ్యూటీ సిస్టర్‌కు కూడా లైబ్రరీ లాగిన్ కావాలి

పోయిన వానాకాలంలో ఒక రాత్రి, రెండు గంటల వేళ, ఏడో నెల నడుస్తున్న గర్భిణిని ఆటోలో మన ఆసుపత్రికి తీసుకొచ్చారు. నొప్పులు మొదలయ్యాయి. ఒళ్లు వెచ్చగా ఉంది. డ్యూటీ డాక్టరమ్మగారు థియేటర్‌లో మరో తల్లికి సిజేరియన్ చేస్తున్నారు. లేబర్ రూం సిస్టర్ ఫోన్‌లో సంగతి చెప్పగా, "డెక్సా మొదటి డోసు సిద్ధం చేసి ఉంచండి సిస్టర్, జ్వరం ఎంతుందో చూడండి, పది నిమిషాల్లో వస్తాను" అన్నారు.

సిస్టర్ ఇంజెక్షన్ సిద్ధం చేశారు. అయితే ఆమెకు ఒక సందేహం వచ్చింది. గర్భసంచిలో ఇన్ఫెక్షన్ ఉన్న తల్లికి ఈ మందు ఇవ్వకూడదని ఎక్కడో చదివిన గుర్తు. వార్డులోని కంప్యూటర్‌లో వెతికారు. సరిగ్గా ఆ ప్రశ్న మీదే ఒక వ్యాసం కనిపించింది. దాని మీద నొక్కితే, చదవాలంటే ముప్పై డాలర్లకు పైగా కట్టాలని వచ్చింది. మనకు అనుబంధమున్న విశ్వవిద్యాలయపు ఆన్‌లైన్ లైబ్రరీలో ఆ పత్రిక ఉందని ఆమెకు తెలుసు. తన పాత పాస్‌వర్డ్ కొట్టి చూశారు. పని చేయలేదు.

డాక్టరమ్మగారు వచ్చారు, పరీక్ష చేశారు, గర్భసంచిలో ఇన్ఫెక్షన్ లక్షణాలు లేవని తేల్చుకొని మందు ఇప్పించారు. ఐదు వారాల తరువాత తల్లీ బిడ్డా ఇంటికి వెళ్లారు. గనుక ఇది తప్పు జరిగిన కథ కాదు. ఆ సిస్టర్ సందేహం సరైనదే, ఆమె వెతికిన చోటూ సరైనదే. అయినా సమాధానం చేతికి అందలేదు. మరుసటి రోజు ఆమె మాతో చెప్పిన మాట ఇది: "చదువుకునేటప్పుడు పరీక్షల కోసం ఆ లైబ్రరీ ఇచ్చారండీ. పేషెంట్ నా చేతికి వచ్చాక తీసేసుకున్నారు."

ఆమె మన నర్సింగ్ కళాశాలలోనే బి.ఎస్సీ. చేశారు. చదివిన నాలుగేళ్లూ విశ్వవిద్యాలయం వారి లాగిన్ ఉంది. పాసైన కొద్ది నెలలకే అది ఆగిపోయింది. ఇప్పుడు అదే ఆవరణలో, అదే విద్యార్థినులకు వార్డులో పని నేర్పుతున్నారు. ఆమె పక్కన నిలబడి నేర్చుకునే పిల్లలకు లాగిన్ ఉంది, నేర్పే ఆమెకు లేదు. జనరల్ నర్సింగ్ డిప్లొమా చదివిన సిస్టర్లు విశ్వవిద్యాలయం విద్యార్థులే కారు గనుక వారికి మొదటి నుంచీ లేదు. ల్యాబ్ టెక్నీషియన్లకూ, మందుల గదిలో పనిచేసే ఫార్మసిస్టులకూ అంతే.

లైబ్రరీ గొడవ ఆసుపత్రివారు, విశ్వవిద్యాలయం వారు తేల్చుకోవలసినది, ఆరోగ్య పత్రికలో మాకెందుకు అని మీరు అడగవచ్చు. నిజమే, ఈ పేజీలో మామూలుగా బి.పి. గురించి, షుగర్ గురించి, పిల్లల టీకాల గురించి రాస్తుంటాం. ఈసారి లైబ్రరీ గురించి రాయడానికి కారణం ఆ రాత్రి సిద్ధం చేసిన ఇంజెక్షనే. దాని కథ చెబితే మీకే అర్థమవుతుంది.

నెలలు నిండకుండా పుట్టే బిడ్డకు పెద్ద గండం ఊపిరితిత్తులు. లోపలి గాలిగదులు ముడుచుకుపోకుండా ఆపే పదార్థం అప్పటికింకా సరిపడా తయారై ఉండదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరంలో గ్రాహం లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు గొర్రెల మీద పరిశోధన చేస్తూ ఒక వింత చూశారు. స్టెరాయిడ్ మందు అందిన గొర్రెపిల్ల, బతకడానికి వీల్లేనంత ముందుగా పుట్టి కూడా ఊపిరి తీసుకున్నది. ఆయన రాస్ హోవీ అనే పిల్లల డాక్టరుతో కలిసి 282 మంది తల్లుల మీద పరీక్షించి, కాన్పుకు ముందు తల్లికి ఈ మందు ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులకు మేలు జరుగుతుందని 1972లో ప్రచురించారు.

ఆ తరువాత ఇంకా కొన్ని పరిశోధనలు వచ్చాయి. ఒక్కొక్కటీ ఒక్కో పత్రికలో, ఒక్కో దేశంలో. అన్నిటినీ ఒకచోట చేర్చి చూసినవారు చాలాకాలం లేరు. అమెరికా ప్రభుత్వపు ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్.ఐ.హెచ్. నిపుణులను కూర్చోబెట్టి "ఈ మందు ఇవ్వండి" అని గట్టిగా చెప్పింది 1994లో. అంటే ఇరవై రెండేళ్ల తరువాత. అప్పటికి అంత గొప్ప దేశంలోనే, ఇవ్వవలసిన తల్లుల్లో ఐదుగురిలో ఒకరికి కూడా ఇది అందడం లేదు. చవకైన మందు, తెలిసిన మందు. ఈ మధ్యలో పుట్టి పోయిన బిడ్డల లెక్క ఎవరు చెప్పగలరు? వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ అనే సంస్థ 1993లో ఇంగ్లండ్‌లో మొదలైంది. దాని గుర్తుగా ఉన్న గుండ్రని బొమ్మలో చిన్నచిన్న అడ్డగీతలు ఉంటాయి. అవి ఈ మందు మీద జరిగిన పరిశోధనల ఫలితాలే. లైబ్రరీలో పడి ఉన్న జ్ఞానం వార్డుకు రాకపోతే ఏమవుతుందో మరచిపోకూడదని ఆ గీతలు పెట్టుకున్నారు.

కథ అక్కడితో అయిపోలేదు. 2014లో మన కేంద్ర ఆరోగ్య శాఖ, నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన తల్లికి పెద్దాసుపత్రికి పంపే ముందు మొదటి డోసు ఏ.ఎన్.ఎం.లు కూడా ఇవ్వవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. మంచి ఉద్దేశమే. అదే సంవత్సరం చివరిలో లాన్సెట్ పత్రిక ఆరు దేశాల్లో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు ప్రచురించింది. అందులో మన దేశం నుంచి బెళగావి, నాగపూర్ ప్రాంతాలు కూడా ఉన్నాయి. పల్లెల్లో, చిన్న కేంద్రాల్లో ఈ మందును విస్తారంగా ఇచ్చినప్పుడు చిన్న బిడ్డల మరణాలు తగ్గలేదు. పైగా మొత్తం బిడ్డలను లెక్కలోకి తీసుకుంటే మరణాలు కొంచెం పెరిగాయి, తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానాలూ పెరిగాయి. నిజానికి నెలలు నిండినవారికీ పొరపాటున మందు పడింది. మరుసటి ఏడు, 2015లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ షరతులు పెట్టింది: గర్భం ఎన్ని వారాలో సరిగ్గా తెలియాలి, తల్లికి గర్భసంచిలో ఇన్ఫెక్షన్ ఉండకూడదు, కాన్పు చేయడానికీ, పుట్టిన చిన్న బిడ్డను చూసుకోవడానికీ తగిన వసతి ఉండాలి. 2020లో ఐదు దేశాల ఆసుపత్రుల్లో, మన దేశంతో సహా, 2,852 మంది తల్లుల మీద చేసిన మరో పరిశోధన వచ్చింది. వసతులున్న ఆసుపత్రుల్లో, సరైన వారాల్లో ఇస్తే ఈ మందు బిడ్డల ప్రాణాలు కాపాడుతుందని తేలింది. మేలు స్పష్టంగా కనిపించడంతో దాన్ని అనుకున్నదానికంటే ముందే ఆపేశారు.

ఇవ్వండి అన్నారు, అందరూ ఇవ్వవచ్చన్నారు, ఆగండి అన్నారు, చివరికి షరతులు చూసి ఇవ్వండి అన్నారు. పుస్తకం 2010లో కొన్నవారికి ఒక మాట తెలుసు, 2016లో కొన్నవారికి మరొకటి. ఆ రాత్రి మన సిస్టర్‌కు "ఎక్కడో చదివిన గుర్తు" ఉన్నది ఈ షరతుల్లో ఒకటే. ఆమెకు సందేహం రావడం మన అదృష్టం. అయితే రోగి భద్రత అదృష్టం మీద ఎంతకాలం నడుస్తుంది?

ఈ ఆన్‌లైన్ లైబ్రరీ తాళం ఎలా పనిచేస్తుందో కూడా చెప్పుకోవాలి. పూర్వం లైబ్రరీ అంటే భవనం. తలుపు తోసుకొని లోపలికి వెళ్లినవారు ఎవరైనా బల్ల దగ్గర కూర్చొని చదువుకునేవారు. ఇప్పుడు పత్రిక భవనంలో లేదు, ప్రచురణకర్తల కంప్యూటర్లలో ఉంది. విశ్వవిద్యాలయం ఏటా చందా కట్టి, ఎవరెవరు చదవవచ్చో ఒప్పందంలో రాసుకుంటుంది. ఆవరణలోని కంప్యూటర్‌కు ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు చూసి తలుపు తెరుచుకుంటుంది. ఇంటి నుంచో, దూరంలో ఉన్న ఆసుపత్రి నుంచో చూడాలంటే లాగిన్ కావాలి. లాగిన్ కావాలంటే ఒప్పందంలో రాసుకున్న జాబితాలో మీ పేరుండాలి. ఆ జాబితాలో విద్యార్థులు, అధ్యాపకులు అని రాసుకున్నారు. బోధనాసుపత్రి సిబ్బంది అని రాసుకోవడం మరచిపోయారు. విశ్వవిద్యాలయానికి నేరుగా వెళ్లి అక్కడి కంప్యూటర్ ముందు కూర్చొనేవారిని చదవనివ్వడానికి చాలా ఒప్పందాలు అంగీకరిస్తాయి. కాకపోతే మన ఊరి నుంచి అక్కడికి బస్సులో నాలుగు గంటలు. లేబర్ రూంలో తల్లిని వదిలి వెళ్లేది ఎవరు?

మన దేశంలో ఈ విషయమై ప్రయత్నాలు జరగలేదని కాదు. 2002 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పెద్ద ప్రచురణకర్తలతో మాట్లాడి, పేద దేశాల ఆసుపత్రులకు వైద్య పత్రికలు ఉచితంగానో చవకగానో అందించే హినారి అనే ఏర్పాటు చేసింది. భారతదేశాన్ని అందులో చేర్చలేదు. చందా కట్టే పెద్ద సంస్థలు ఇక్కడ చాలానే ఉన్నాయి గనుక ప్రచురణకర్తలు ఒప్పుకోలేదు. పెద్ద సంస్థలు ఉండడం చిన్న ఆసుపత్రుల పాపమైంది. 2003లో కర్ణాటకలోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, తన కింద ఉన్న కళాశాలలన్నీ కలిసి చందా కట్టే హెలినెట్ అనే ఏర్పాటు తెచ్చింది. ఒక్కో కళాశాల వేరువేరుగా కొనలేని పత్రికలు కలిసి కొంటే అందాయి. 2007లో భారత వైద్య పరిశోధన మండలి మరో అడుగు వేసి, కాక్రేన్ లైబ్రరీకి దేశం మొత్తం తరఫున చందా కట్టింది. ఆ ఏర్పాటులో మాకు నచ్చింది ఏమిటంటే, నువ్వు ఎవరివి, ఏ కళాశాల, ఏ హోదా అని అడగలేదు. దేశంలో ఉండి ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా చదవవచ్చన్నారు.

ఇటీవలిది అన్నిటికన్నా పెద్దది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 మూడు సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు, ముప్పై మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలు. మన పన్నుల డబ్బుతో జరిగిన మంచి పని. అయితే అది ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు ఉద్దేశించినది. మనవంటి మిషన్ ఆసుపత్రులు, ప్రైవేటు నర్సింగ్ కళాశాలలు ఆ లెక్కలోకి రాలేదు. గనుక మనకు మిగిలిన దారి మన విశ్వవిద్యాలయం లైబ్రరీ ఒక్కటే. దాని చందాలో మన కళాశాల కట్టే ఫీజులూ ఉన్నాయి.

మేము అడిగినప్పుడు అక్కడివారు మూడు మాటలు చెప్పారు. సభ్యుల సంఖ్య పెరిగితే ప్రచురణకర్తలు ధర పెంచుతారన్నది మొదటిది. ఇది కొట్టిపారేయలేం. అయితే ఒప్పందం రాసుకునే రోజే "అనుబంధ బోధనాసుపత్రుల్లో రోగులను చూసే సిబ్బంది" అనే మాట చేర్చి బేరమాడితే, మధ్యలో అడిగినంత ఖర్చు కాదు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవలో పనిచేసే నర్సు కూడా లాగిన్ అడిగి తీసుకోవచ్చు. మన సంఘంలోని ఒక కుటుంబంవారి అమ్మాయి అక్కడ వార్డు నర్సు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే తనకు లైబ్రరీ లాగిన్ ఇచ్చి, గంటసేపు కూర్చోబెట్టి వాడడం నేర్పారని చెప్పింది. ఆ అమ్మాయి చదివింది మన కళాశాలలోనే. ఇక్కడ ఉన్నంతకాలం ఆమెను ఎవరూ అలా కూర్చోబెట్టలేదు.

(ఈ సందర్భంగా ఒక మనవి. విదేశాల్లో ఉన్న పిల్లల పాస్‌వర్డ్ తెప్పించి ఇస్తామని ఇద్దరు ముగ్గురు ప్రేమతో అన్నారు. వద్దండీ. అది వారి ఉద్యోగానికి ముప్పు.)

రెండో మాట, పాస్‌వర్డ్ ఇస్తే పదిమందికి పంచుతారని. విద్యార్థులు పంచడం లేదా? పంచేది ఎక్కువగా తలుపు మూసినప్పుడే. ఎవరి లాగిన్ వారికి ఇచ్చి, ఉద్యోగం మానిన రోజున ఆసుపత్రే తెలియజేసి తీసివేయిస్తే సరిపోతుంది. అటువంటి జాబితా నెలనెలా పంపే బాధ్యత మేము తీసుకుంటామని చెప్పాం.

మూడో మాట మమ్మల్ని నొప్పించింది. "నర్సులు ఈ పత్రికలు చదువుతారంటారా?" అన్నారు. కోపం తగ్గాక ఆలోచిస్తే, అందులో ఒక వీసమెత్తు నిజం ఉంది. మన సిస్టర్లలో చాలామంది తెలుగు మీడియంలో చదివి వచ్చినవారు. పన్నెండు పేజీల ఇంగ్లీషు వ్యాసం రాత్రి డ్యూటీలో చదవడం డాక్టర్లకే కష్టం. ఏ మాటతో వెతకాలి, వచ్చిన రెండు వందల వ్యాసాల్లో ఏది నమ్మాలి అన్నది వేరే విద్య. అయితే అది లాగిన్ ఇవ్వకపోవడానికి కారణం కాదు, లైబ్రేరియన్‌ను పంపడానికి కారణం.

వెతకడం రాకపోతే ఏమవుతుందో చెప్పే సంఘటన ఒకటి ఉంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ప్రపంచంలో పేరుమోసినది, లైబ్రరీకి అక్కడ కొదువ లేదు. 2001లో అక్కడ ఉబ్బసం గురించిన ఒక పరిశోధనలో 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలు, అక్కడే ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే ఎలెన్ రోచ్, స్వచ్ఛందంగా పాల్గొన్నారు. హెక్సామిథోనియం అనే మందును పీల్పించారు. ఊపిరితిత్తులు దెబ్బతిని జూన్ 2న ఆమె మరణించారు. ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేసిన సందర్భాలు 1950ల నాటి పత్రికల్లో నమోదై ఉన్నాయి. పరిశోధకుడు ఆన్‌లైన్‌లో వెతికిన జాబితా మాత్రం అప్పట్లో 1966 వరకే వెనక్కు వెళ్లేది. అంతకు ముందువి బీరువాల్లోని అచ్చు సూచికల్లో ఉండిపోయాయి. కంప్యూటర్‌లో కనిపించకపోతే లేనట్టే అనుకోవద్దని ఒక లైబ్రేరియన్ పక్కన ఉంటే చెప్పి ఉండేవారేమో. అంత పెద్ద చోటే అలా జరిగిందంటే, లాగిన్ ఒక్కటి పారేసి మన పని అయిపోయిందనుకోవడం కూడా తగదు.

గనుక మేము అడుగుతున్నది రెండు. బోధనాసుపత్రిలో రోగిని ముట్టుకొని సేవ చేసే ప్రతివారికీ, డిప్లొమా అయినా డిగ్రీ అయినా, ఉద్యోగంలో ఉన్నంతకాలం ఫోన్‌లోనూ వార్డు కంప్యూటర్‌లోనూ పనిచేసే లాగిన్ ఇవ్వాలి. మూడు నెలలకు ఒకసారి విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ మన ఆసుపత్రికి వచ్చి, రాత్రి డ్యూటీవారికి కూడా వీలయ్యే వేళలో, వెతకడం నేర్పాలి. తెలుగులో నేర్పాలి.

నిజం చెప్పాలంటే, ఉచితంగా దొరికేవి కూడా తక్కువేమీ లేవు. పైన చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు డబ్బు కట్టకుండానే చదవవచ్చు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే పబ్‌మెడ్ 1997 నుంచి అందరికీ ఉచితం, వ్యాసాల సారాంశాలు అందులో ఉంటాయి. కాక్రేన్ వారి సులభ సారాంశాలను మీరూ చదవవచ్చు, పిల్లలు కాలేజీలో ఉన్న ఇళ్లవారు ఒకసారి చూడండి. ఆ రాత్రి ఆ సిస్టర్‌కు కావలసిన సమాధానం కూడా ఉచిత మార్గదర్శకంలోనే ఉంది. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అది మా లోపం, విశ్వవిద్యాలయానిది కాదు. డబ్బు లేదనే మాట చాటున మేము కూడా కొన్నేళ్లు కూర్చున్నాం.

అందుచేత మా వంతుగా లేబర్ రూం డ్యూటీ గదిలో ఒక కంప్యూటర్ వేరుగా పెట్టించాం. ఉచితంగా దొరికే ముఖ్యమైన మార్గదర్శకాలన్నీ దానిలో ముందే తెరిచి ఉంచే పని మన నర్సింగ్ ట్యూటర్ ఒకరు తీసుకున్నారు. బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు, షిఫ్టు మారే ముందు, పావుగంట అందరూ కలిసి ఒక ప్రశ్న వెతికి చూస్తున్నారు. మొదటి వారం నలుగురు వచ్చారు, పోయిన వారం పదకొండు మంది. ఆ బుధవారం వెతికిన ప్రశ్న ఒక రోగి బంధువు అడిగినదే: పాము కాటుకు కట్టు బిగించి కట్టవచ్చా అని. కట్టకూడదని తేలింది. కారణంతో సహా తెలుగులో రాసి ఓ.పి. గోడ మీద అంటించాం.

విశ్వవిద్యాలయానికి ఉత్తరం వెళ్లి నాలుగు నెలలైంది. అందిందని జవాబు వచ్చింది, అంతకుమించి రాలేదు. మీలో విశ్వవిద్యాలయం పాలకమండలిలో, లైబ్రరీ కమిటీలో ఉన్నవారినో, వారికి తెలిసినవారినో ఎరిగినవారు ఉండవచ్చు. చందా ఒప్పందం తిరగరాసుకునే రోజు రాకముందే వారితో ఒక మాట చెప్పండి. స్త్రీల సమాజంవారు, సంఘ పెద్దలు సంతకాలు చేయదలిస్తే ఉత్తరం నకలు మన ఆసుపత్రి ఆఫీసులో, రిసెప్షన్ పక్క కిటికీ దగ్గర ఉంది. వైద్యం చేయించుకున్నవారిగా మీ పేరు కింద మీ ఊరు కూడా రాయండి.